పాడి రైతుకు పనుల పట్టీ

రుద్రూరు ప్రాంతంలో వరి, చెరకు పనుల ఒత్తిడిలో సభ్యులు పాడి తేదీలను మరచిపోవడం మేము గమనిస్తున్నాము. గేదె చూడి కట్టకపోతే దాదాపు 21 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది. గేదెలలో మూగ ఎద ఎక్కువ, అరుపు వినబడదు. ఆ రోజు తప్పితే ఈత వెనక్కి పోయి, వట్టి గేదెను మేపవలసి వస్తుంది.

కనుక కృత్రిమ గర్భధారణ చేయించిన నాడే సెల్‌ఫోన్‌లో గూగుల్ టాస్క్స్ వంటి పనుల పట్టీలో మూడు తేదీలు ఎక్కించండి: 21వ రోజు ఎద చూడడం, 90వ రోజు చూడి పరీక్ష, 250వ రోజు పాలు పితకడం ఆపడం. ఈత సుమారు 310 రోజులకు గనుక చివరి రెండు నెలలు పొదుగుకు విశ్రాంతి కావాలి. గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి గుర్తుచేసేలా పెట్టండి. బ్యాంకు కిస్తీ, పిల్లల ఫీజు కూడా అదే పట్టీలో చేర్చండి. అయిన పనిని వెంటనే కొట్టివేయండి. ఫోను లేనివారు గోడ క్యాలెండరుపై వ్రాసుకున్నా చాలును.