వీడియో ఆటల సంత

అమెరికాలోని లాస్ ఏంజెల్స్ నగరమున 1995లో ‘ఈ-త్రీ’ అను వీడియో ఆటల వర్తక ప్రదర్శనము మొదలయ్యెను. ఆటలను నిర్మించువారును, అమ్ము వర్తకులును, పత్రికలవారును ఒక్కచోట కలిసికొనుటకే అది ఏర్పడినది. క్రొత్త ఆటను గూర్చి ప్రజలకు తెలియవలెనన్న ఆనాడు పత్రికలే దిక్కు. అంగళ్లకు చేరవలెనన్న వర్తకులే ఆధారము. సోనీ సంస్థ ప్లేస్టేషన్ అను తన ఆటయంత్రము వెల 299 డాలర్లని మొదటి ఏట అచ్చటనే ప్రకటించెను.

కాలక్రమమున ఇంటర్నెట్ వ్యాపించెను. నిన్‌టెండో సంస్థ 2011 నుండి తన ఆటల విశేషములను ప్రసారముల ద్వారా ఆటగాండ్రకే తెలుపసాగెను. ఆటలును డిస్కులతో పనిలేక నేరుగా ఇండ్లకు చేరసాగెను. ఇక అపారధనము వెచ్చించి ప్రదర్శనశాలలు కట్టనేల? 2019లో సోనీ తప్పుకొనెను. 2020లో కోవిడ్ వలన ప్రదర్శనము ఆగెను. 2021లో ఇంటర్నెట్‌లో మాత్రమే జరిగెను. ఆపై మరల జరుగలేదు. 2023 డిసెంబరులో నిర్వాహకులు దానిని శాశ్వతముగా నిలిపివేసిరి. పేరులేని చిన్న నిర్మాతకు పెద్దల సరసన కనబడు చోటొకటి పోయినది.

అయినను జర్మనీలోని కొలోన్ నగరమున ‘గేమ్స్‌కామ్’ ప్రదర్శనము నేటికిని జనసమ్మర్దముతో జరుగుచున్నది. అచ్చటికి ఆటగాండ్రే వచ్చి, క్రొత్త ఆటలను ఆడి చూతురు. తోడి ఆటగాండ్రను కలిసికొందురు. బాలలారా! వార్తను మోయు సంతకు కాలము చెల్లవచ్చును. మనుష్యులను కలుపు సంతకు చెల్లదు.