టేపు లేని క్యాసెట్

కారు ఆయుష్షు వేరు, పాటల పెట్టె ఆయుష్షు వేరు. సరిగ్గా చూసుకుంటే కారు పదిహేనేళ్లు తిరుగుతుంది. పాటలు వినిపించే పరికరం నాలుగేళ్లు నిండకుండానే పాతబడిపోతుంది. ఈ తేడా మొదటిసారి బాగా తెలిసొచ్చింది 1984లో. ఆ ఏడాది సోనీ కంపెనీ డి-50 అనే చేతిలో పట్టే సీడీ ప్లేయర్‌ను తెచ్చింది. కానీ అప్పటి కార్ల డ్యాష్‌బోర్డులో ఉన్నది క్యాసెట్ డెక్. పాట డిజిటల్ అయింది, దాన్ని వినిపించాల్సిన స్పీకర్లు మాత్రం డెక్ చెప్పినట్టే వింటాయి.

ఆ డెక్‌లోకి బయటి పాట వెళ్లడానికి ఉన్నవి రెండే దారులు. ఒకటి క్యాసెట్ పెట్టే నోరు, రెండోది రేడియో ఏరియల్. తర్వాత ఇరవై ఏళ్లపాటు పుట్టిన ఉపాయాలన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని నమ్మించి మోసం చేసినవే. ఆ మోసాల్లో నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది క్యాసెట్ అడాప్టర్. చూడ్డానికి మామూలు క్యాసెట్టే, కాకపోతే ఒక మూల నుంచి సన్నటి వైరు వేలాడుతుంటుంది. వైరు చివర హెడ్‌ఫోన్ పిన్. లోపల టేపు ఉండదు.

దీన్ని రూపొందించిన వ్యక్తిగా ల్యారీ షాట్జ్ అనే అమెరికన్ ఇంజినీరు పేరు చెబుతారు. అది 1980ల నాటి మాట. ఆయన చేసిన పని అర్థం కావాలంటే ముందు డెక్ టేపును ఎలా చదువుతుందో చూడాలి.

1963లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్ రేడియో ప్రదర్శనలో కాంపాక్ట్ క్యాసెట్‌ను బయటపెట్టింది. లూ ఆటెన్స్ బృందం తయారుచేసిన ఆ డబ్బాలో టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో హెడ్‌ను రాసుకుంటూ పోతుంది. హెడ్ అంటే లోహపు ముక్క, దాని చుట్టూ తీగచుట్ట, ముందు వైపు కంటికి ఆనని సన్నటి చీలిక. టేపు మీది అయస్కాంత రేణువులు ఆ చీలిక ముందు నుంచి సాగిపోతుంటే తీగచుట్టలో అయస్కాంత క్షేత్రం మారుతూ ఉంటుంది. మారే క్షేత్రం వోల్టేజిని పుట్టిస్తుందని ఫారడే 1831లోనే చూపించాడు. ఇక్కడ పుట్టేది మిల్లీవోల్టుకు కూడా తక్కువ. దాన్ని డెక్ ఎన్నో రెట్లు పెంచి స్పీకర్లకు పంపుతుంది.

కిటుకంతా ఇక్కడే ఉంది. హెడ్‌కు టేపుతో పనిలేదు. తన ముందు మారుతున్న అయస్కాంత క్షేత్రం ఒకటుంటే చాలు. అది టేపు నుంచి వచ్చిందా, మరోచోటి నుంచి వచ్చిందా అనేది దానికి తెలియదు. అందుకే అడాప్టర్‌లో టేపు ఉండాల్సిన చోట మరో హెడ్‌ను అమర్చారు. ప్లేయర్ నుంచి హెడ్‌ఫోన్ వైరు మీదుగా వచ్చే కరెంటు ఈ హెడ్ తీగచుట్టలో పాటకు తగ్గట్టు క్షేత్రాన్ని పుట్టిస్తుంది, ఎదురుగా ఉన్న డెక్ హెడ్ దాన్ని పట్టుకుంటుంది. ఎదురెదురుగా నిలబెట్టిన రెండు తీగచుట్టలను మనం రోజూ వాడే మాటలో ట్రాన్స్‌ఫార్మర్ అంటాం. వీధి చివర స్తంభం మీద గుంయ్‌మనే పెట్టెలో జరిగేదే ఇక్కడ గోరంత చోటులో జరుగుతుంది.

అదృష్టం కలిసొచ్చిన సంగతి ఇంకోటుంది. క్షేత్రం ఎంత వేగంగా మారితే అంత ఎక్కువ వోల్టేజి పుడుతుంది కాబట్టి హెడ్‌లో తారస్థాయి ధ్వనులు పెద్దగా, మంద్రస్థాయి ధ్వనులు చిన్నగా వస్తాయి. టేపు కోసం ఈ తేడాను సరిచేసే ఏర్పాటు డెక్‌లో ముందే ఉంటుంది. అడాప్టర్‌లోనూ అదే తేడా వస్తుంది, కాబట్టి అదే మందు దీనికీ దాదాపు సరిపోతుంది.

ఇక మిగిలింది డెక్ అనుమానం. చుట్టుకునే చక్రం తిరగడం ఆగితే టేపు ఇరుక్కుందని చాలా డెక్‌లు అనుకుంటాయి. వెంటనే ఆగిపోతాయి, లేదంటే క్యాసెట్‌ను బయటికి నెట్టేస్తాయి. ఆ అనుమానం తీర్చడానికి అడాప్టర్ లోపల బుల్లి పళ్లచక్రాలు పెట్టారు. డెక్ ఒక చక్రాన్ని తిప్పితే రెండోదీ తిరుగుతుంది, అంతా సవ్యంగా ఉందని యంత్రం ఊరుకుంటుంది. చవకరకం వాటిలో ఈ పళ్లచక్రాల గరగర పాటకంటే ముందు వినిపించేది. ఆటో రివర్స్ డెక్‌లతో మరో చిక్కు. అవి ఉన్నట్టుండి రెండో వైపుకు మళ్లితే హెడ్‌కు ఎదురుగా హెడ్ ఉండదు. పాట మాయం.

అయినా ఈ దొంగ క్యాసెట్ అసలు క్యాసెట్ కంటే శుభ్రంగా పలికేది. టేపు లేదు కాబట్టి రేణువుల వల్ల వచ్చే 'స్‌స్' లేదు. టేపు వేగం అటూ ఇటూ ఊగడం వల్ల స్వరం వంకరపోవడమూ లేదు. డాల్బీ బటన్ ఆపి, ప్లేయర్ వాల్యూమ్ ముప్పావు వంతుకు పెంచి, మిగతాది స్టీరియో మీద సర్దుకుంటే చాలు. డాల్బీ నొక్కి ఉంచితే లేని చప్పుడును తగ్గించబోయి పాటలోని మెరుపును తగ్గిస్తుంది.

2001 అక్టోబరులో ఆపిల్ ఐపాడ్ వచ్చింది. 5 గిగాబైట్లు, జేబులో వెయ్యి పాటలు. సీడీల కోసం పుట్టిన అడాప్టర్ అలా రెండో జన్మ ఎత్తింది. అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు మొదట కొనేది సెకండ్ హ్యాండ్ క్యామ్రీ, కరోలా, సివిక్ లాంటి బండి. 1990ల నాటి ఆ బళ్లలో ఉండేది క్యాసెట్ డెక్కే. ఇళయరాజా, రెహమాన్ పాటలు ఇంటి నుంచి హార్డ్ డిస్కులో వెళ్లి, ఐపాడ్‌లోకి ఎక్కి, అడాప్టర్ మీదుగా ఆ డెక్‌లో పలికేవి. టేపు అవసరం తీరిపోయిన రోజుల్లో క్యాసెట్ ఆకారానికి మాత్రం గిరాకీ తగ్గలేదు. డిజిసెట్ అనే కంపెనీ అయితే ఏకంగా క్యాసెట్ ఆకారంలోనే ఎంపీ3 ప్లేయర్‌ను చేసింది. దాని జ్ఞాపకశక్తి 64 మెగాబైట్లు. 128 కిలోబిట్ల నాణ్యతతో లెక్కేస్తే గంటకు కాస్త పైన. మన పాత సి-60 క్యాసెట్ ఎంతో ఇదీ అంతే!

రెండో దారి ఏరియల్. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ పాటను 88 నుంచి 108 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఏదో ఒక అంకె మీద ప్రసారం చేస్తుంది. కారు రేడియో అది కూడా ఒక స్టేషనే అనుకుంటుంది. దీని శక్తి ఎంత తక్కువంటే, బ్రిటన్ 2006 డిసెంబరులో వీటికి అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన హద్దు 50 నానోవాట్లు. ఊళ్లోని స్టేషన్లు కిలోవాట్లలో మోగుతుంటే ఇంత పిసరు పరికరం గెలవడానికి కారణం ఎఫ్ఎంకున్న ఒక గుణం. ఒకే అంకె మీద రెండు ప్రసారాలు వస్తే ఎఫ్ఎం రిసీవర్ వాటిని కలగాపులగం చేయదు. ఏరియల్ దగ్గర బలంగా ఉన్నదాన్ని పట్టుకుని రెండోదాన్ని అణచేస్తుంది. ట్రాన్స్‌మిటర్ ఉన్నది అడుగుల దూరంలోనే కాబట్టి ఎక్కువసార్లు గెలుపు దానిదే. ఏరియల్ కారు వెనక కప్పు మీద ఉండి మధ్యలో లోహపు ఒళ్లు అడ్డొస్తే ఆ గెలుపు అనుమానమే.

హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3, 101.9, 102.8 ఇలా వరసగా నిండిపోయి ఉంటాయి. ఖాళీ అంకె వెతుక్కుని పెట్టుకుని, హైవే ఎక్కి నాలుగు గంటలు పోయాక విజయవాడలో అదే అంకె మీద ఎవరో ప్రకటన చదువుతుంటారు. మళ్లీ వెతుకులాట. నాణ్యతకూ హద్దుంది. స్టీరియో ఎఫ్ఎంలో 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక గుర్తు సంకేతం ఉంటుంది కనుక పాటను 15 కిలోహెర్ట్జ్ దగ్గరే కత్తిరించాల్సి వస్తుంది. నా లెక్కలో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ వేరే దారి లేనప్పటి దారి. కోఠి గుజరాతీ గల్లీలో అది ఇప్పటికీ దొరకడానికి కారణం కూడా అదే, వేరే దారి లేని బళ్లు ఇంకా తిరుగుతున్నాయి.

తర్వాత కార్ల కంపెనీలే మెత్తబడ్డాయి. 2004లో బీఎండబ్ల్యూ ఐపాడ్‌ను స్టీరింగ్ మీది బటన్లతో నడిపే ఏర్పాటు తెచ్చింది. మామూలు కార్లకు 3.5 మిల్లీమీటర్ల ఆక్స్ రంధ్రం వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఆపరేటర్లు గుచ్చిన పిన్నుకు ఇది మునిమనవడు. మోసం అక్కర్లేని ఈ తిన్నని దారిలో ఒక రోత ఉంది. ఫోన్‌ను ఆక్స్‌కు తగిలించి, అదే సమయంలో కారు సాకెట్ నుంచి ఛార్జింగ్ పెడితే కొన్ని బళ్లలో సన్నటి కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కూత హెచ్చుతుంది. ఛార్జర్ ద్వారా, ఆక్స్ వైరు ద్వారా రెండు చోట్ల ఎర్త్ కలవడంతో ఆల్టర్నేటర్ అలజడి పాటలోకి చొరబడుతుంది. దానికి మందు మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. కరెంటు తీగలు కలవకుండా అయస్కాంతం మీదుగా పాట ఒక్కటే దాటుతుంది. క్యాసెట్ అడాప్టర్ ఆ పని అదనపు ఖర్చు లేకుండా మొదటి రోజు నుంచే చేస్తోంది!

యూఎస్‌బీ కథ ఇంకో రకం. పెన్ డ్రైవ్ నుంచి పాటను విప్పే పని స్టీరియోదే, కాబట్టి దాని చాదస్తాలు మనం భరించాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయకపోతే చాలా స్టీరియోలు చదవవు. పాటల పేర్లు తెలుగు లిపిలో ఉంటే తెర మీద డబ్బాలు, ప్రశ్నార్థకాలు. కొన్ని అయితే అక్షర క్రమం పట్టించుకోకుండా మనం కాపీ చేసిన వరసలోనే పాడతాయి.

బ్లూటూత్ పని ఎరిక్సన్ కంపెనీలో 1994లో మొదలైంది. సెకనుకు 1600 సార్లు చానల్ మారుస్తూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుతుంది. కానీ కార్లలోకి మొదట వచ్చింది ఫోన్ కాల్స్ కోసమే. స్టీరియో పాటను పంపే ఏ2డీపీ పద్ధతి 2003లో గానీ రాలేదు. అందుకే బ్లూటూత్ ఉందని చెప్పి అమ్మిన కొన్ని పాత కార్లలో కాల్ వస్తుంది, పాట రాదు. సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు కాల్ కాదు, పాట పెట్టి చూడాలి. బ్లూటూత్ పాటను మరోసారి కుదించి పంపే మాట నిజమే. టైర్ల హోరులో ఆ తేడా ఎవరి చెవికీ ఆనదు.

అమెరికాలో క్యాసెట్ డెక్‌తో అమ్మిన చివరి కొత్త కారు 2010 నాటి లెక్సస్ అంటారు. 2016లో ఐఫోన్ నుంచి హెడ్‌ఫోన్ రంధ్రం కూడా పోయింది. అంటే అడాప్టర్‌కు రెండు కొసలూ తెగాయి. ఇప్పుడు లోపల బ్యాటరీ, బ్లూటూత్ పెట్టిన వైరు లేని క్యాసెట్లు కూడా అమ్ముతున్నారు. పాత డెక్ ఉన్న బండి చేతికొస్తే నేనైతే వైరున్నదే కొంటాను. ఫోన్‌కు రంధ్రం లేకపోతే వేలెడంత డాంగిల్ ఒకటి తగిలిస్తే సరిపోతుంది, క్యాసెట్‌కు మళ్లీ ఛార్జింగ్ పెట్టే పని తప్పుతుంది.