యంత్రముతో చదరంగము

1997 మే 4వ తేదిన న్యూయార్కు నగరమున ఒక యెత్తైన భవనపు 35వ అంతస్తునందు గేరీ కాస్పరోవ్ అను రష్యా దేశీయుడు చదరంగపు బల్ల విడిచి లేచిపోయెను. అప్పటికి పండ్రెండేండ్లనుండి చదరంగమున జగజ్జేత యన్న బిరుదు ఆతనిదే. ఎదుట కూర్చుండినవాడు ఐ.బి.ఎం. కంపెనీ ఉద్యోగి. ఆతడు ఆడువాడు కాడు. వేరొక గదిలోనున్న "డీప్ బ్లూ" యను యంత్రము తెలిపిన యెత్తులను బల్లపై వేయువాడు మాత్రమే. నలువదియైదు ఎత్తులు నడచినవి. తన రాజు పని యైపోయినదని తలచి కాస్పరోవ్ ఓటమి నొప్పుకొనెను. మరునాడు తెలిసిన దేమనగా, ఆ స్థితిలో ఆట పోలేదు! మంత్రిని శత్రువు పాళెములోనికి నడిపి, వాని రాజునకు ఊపిరాడనీయక మరల మరల దాడి చేసినచో ఆట సమముగా ముగియు మార్గ మొకటి యుండెను. ఇండ్ల కడ కూర్చుండి వేడుక చూచుచుండినవారు కనుగొనిన మార్గము, ప్రపంచమున అందరికంటె గొప్ప ఆటగానికి కనబడలేదు.

ఎందుచేత కనబడలేదు? చదరంగపు యంత్రముల చరిత్ర యంతటిలో ఇంతకంటె ఆలోచింపదగిన ఘట్టము వేరొకటి లేదని మా యభిప్రాయము. కాస్పరోవ్ ఆ మార్గమును వెదకలేదు. వెదకకపోవుటకు కారణము ఒక్కటే: అట్టి మార్గమే యున్నచో యంత్రము దానిని ముందే చూచి మూసివేసి యుండునని ఆతడు నమ్మెను.

ఈ నమ్మక మెట్లు కలిగినదో చూతము. ఆ ముందునాటి మొదటి యాటలో గెలిచినవాడు కాస్పరోవే. ఆ యాట చివర 44వ యెత్తున యంత్రము తన ఏనుగును ఎవరికిని అర్థము కాని యొక గడికి జరిపెను. రాత్రి కాస్పరోవ్ తన సహాయకులతో కూర్చుండి ఆ యెత్తును తరచి తరచి చూచెను. సహజముగా తోచు యెత్తు వేసినచో ఎంతో దూరమున రాబోవు ఆటకట్టును యంత్రము చూడగలిగి, అందుచేత దానిని మానుకొన్నదని వారు తీర్మానించుకొనిరి. అంత దూరదృష్టి గల ప్రత్యర్థి యెదుట ఎవనికి గుండె జారదు? పదునైదేండ్ల పిమ్మట, 2012లో వెలువడిన నేట్ సిల్వర్ గ్రంథమున అసలు సంగతి బయటపడెను. యంత్ర నిర్మాతలలో నొకడగు మరీ కేంప్‌బెల్ చెప్పినదాని ప్రకారము, ఆ యెత్తు వెనుక ఏ యాలోచనయు లేదు. ప్రోగ్రాములో నొక దోషముండెను. ఏ యెత్తును నిర్ణయించుకొనలేక యంత్రము తోచిన యెత్తు నొకదానిని వేసి ఊరకుండెను. అజ్ఞానమును చూచి అగాధమైన జ్ఞానమని భ్రమించుట మనుష్యులలో మనము చూడనిది కాదు. యంత్రము విషయమున నిట్లు జరుగుట అదియే మొదటిసారి కాబోలు.

రెండవ యాట 37వ యెత్తున నొక విశేషము జరిగెను. రెండు బంట్లను సులభముగా కొల్లగొట్టు అవకాశము యంత్రమునకు దొరకెను. ఆనాటి యంత్రములు తేరగా వచ్చు బంటును విడుచునవి కావు. కాని డీప్ బ్లూ ఆ ప్రలోభమునకు లోబడక, నెమ్మదిగా శకటును నడుమ గడిలో నిలిపి కాస్పరోవ్ దళమునకు ఊపిరి సలుపనీయలేదు. ఇది యంత్రము బుద్ధి కాదు, తెరవెనుక ఎవడో మహామల్లుడు దాగియున్నాడని కాస్పరోవ్ అనుమానించి, యంత్రము చేసిన లెక్కల కాగితములు చూపుడని పట్టుబట్టెను. కంపెనీవారు అప్పుడు చూపలేదు. ఆ తరువాత బయటపెట్టిరి. తరువాతి మూడాటలు సమముగా ముగిసెను. మే 11వ తేది జరిగిన ఆరవ యాటలో కాస్పరోవ్ ఆరంభముననే తడబడి 19 ఎత్తులలో ఓడిపోయెను. ఆ యాటలో ఆతని నడుము విరుగగొట్టిన గుర్రపు త్యాగము యంత్రము లెక్కించి వేసినది కాదు, మనుష్యులు ముందుగా దాని ఆరంభ పుస్తకమున చేర్చి పెట్టినది. మొత్తమున డీప్ బ్లూ మూడున్నర, కాస్పరోవ్ రెండున్నర. గెలిచినవారికి ఏడు లక్షల డాలర్లు, ఓడినవారికి నాలుగు లక్షలు.

ఎదుటి పక్షమునకు హైకోర్టునుండి పేరుమోసిన వకీలు వచ్చుచున్నాడని విన్నంతనే, తన దస్తావేజులనైనను విప్పిచూడక రాజీకి దిగు భూస్వాములను మేమెరుగుదుము. వకీలు ఇంకను నోరు విప్పలేదు, దావా పోయినది! రెండవ యాటలో కాస్పరోవ్ పోగొట్టుకొనినది అట్టి దావాయే. సెకనునకు ఇరువది కోట్ల స్థితులను పరిశీలింపగల యంత్రము ఆతనిని ఓడించుట వేరు. ఆ ఇరువది కోట్ల సంఖ్య ఆతనిని ఓడించుట వేరు.

యంత్రములో మనుష్యుడు దాగియున్నాడను మాట నూతనము కాదు. 1770లో వియన్నా నగరమున మేరియా తెరీసా రాణి కొలువునందు వుల్ఫ్‌గాంగ్ కెంపెలెన్ అనువాడు తలపాగ చుట్టిన తురుష్కుని బొమ్మ నొకదానిని పెట్టెవెనుక కూర్చుండబెట్టి చదరంగ మాడించెను. పెట్టె తలుపులు తెరచి లోపలి చక్రములను అందరికిని చూపెడివాడు. 1809లో నెపోలియను చక్రవర్తియే ఆ బొమ్మతో ఆడి ఓడెను. చక్రముల వెనుక ఇరుకు చోటున నొక నేర్పరియైన ఆటగాడు కొవ్వొత్తి వెలుతురున కూర్చుండి బొమ్మచేతిని త్రిప్పుచుండెడివాడు. అమెరికాకు చేరిన ఆ బొమ్మ 1854లో ఫిలడెల్ఫియా నగరమున అగ్నికి ఆహుతి యయ్యెను. విధివిలాస మేమో గాని, కాస్పరోవ్ 1996లో డీప్ బ్లూను మొదట ఎదుర్కొని 4-2గా గెలిచినదియు ఆ నగరముననే. ఆ కాలమున మనుష్యుని దాచి యంత్రమనిరి. మన కాలమున యంత్రమును చూపగా మనుష్యుడున్నాడనిరి.

నిజముగా మనుష్యసాయము లేక ఆడిన మొదటి యంత్రమును స్పెయిను దేశీయుడగు టోరెస్ కెవెడో 1912లో కట్టెను. అది పూర్తి ఆట ఆడజాలదు. తనకొక రాజు, ఏనుగు, ఎదుటివానికి ఒంటరి రాజు మాత్రమే యున్న స్థితిలో తప్పక ఆటకట్టు చేయును. 1950లో క్లాడ్ షానన్ అను అమెరికా పండితుడు ఒక వ్యాసమున దారి చూపెను. నలువది జతల యెత్తుల యాటలో సాధ్యమగు క్రమములు ఒకటి ప్రక్కన 120 సున్నలు పెట్టినంత యని ఆతడు లెక్కకట్టెను. గడి గడికి గింజలు రెట్టింపు చేసి రాజు గాదెలను ఖాళీ చేయించిన పండితుని కథ మన పాఠకులు చిన్ననాడు విన్నదే. అక్కడ ధాన్యమునకు పట్టిన గతియే ఇక్కడ కాలమునకు పట్టును. అన్నిటిని చూచుట ఏ యంత్రమునకును సాధ్యము కాదు. కావున కొన్ని యెత్తుల దూరము చూచి, అచ్చట ఆగి, స్థితికి వెలకట్టవలెను. బంటునకు 1, గుర్రమునకును శకటునకును మూడేసి, ఏనుగునకు 5, మంత్రికి 9. వీనికి తోడు రాజునకు గల రక్షణ, బంట్ల యమరిక మున్నగువాని కింత. తన వంతు వచ్చినపుడు మిక్కిలి వెలగల దారిని, ఎదుటివాని వంతున తనకు మిక్కిలి చెరుపు చేయు దారిని ఎన్నుకొనుచు లెక్క వెనుకకు తెచ్చుకొనవలెను. ఒక యెత్తునకు జవాబుగా ఎదుటివాడు మన మంత్రిని ఊరక పట్టుకొను మార్గ మొకటి కనబడినచో, తక్కిన జవాబులను చూడనక్కరలేదు. ఆ కొమ్మను అంతటితో నరికివేయవచ్చును. ఇంతే రహస్యము. డీప్ బ్లూ సైతము ఈ సూత్రమునే మహావేగమున నడపినది.

ఇంగ్లండున ఎలన్ ట్యూరింగ్ 1948లోనే యొక మిత్రునితో కలసి ఇట్టి విధాన మొకటి వ్రాసెను. దానిని నడుపగల యంత్రము అప్పటికి లేదు. 1952లో ఆతడే యంత్రమై, కాగితముపై లెక్కలు కట్టుచు, ఎత్తొకటికి సుమారు అరగంట చొప్పున ఒక యాట నడిపి ఓడెను. యంత్రము పుట్టకముందే దాని పక్షమున ఓడిన ఘనత ఆయనది.

తరువాతి చరిత్రను త్వరగా ముగింతుము. 1967లో అమెరికా యంత్రమునకును మాస్కో యంత్రమునకును జరిగిన పోటీలో మాస్కోది పైచేయి యయ్యెను. పదేండ్లలో ఏ యంత్రమును తన్ను గెలువజాలదని 1968లో డేవిడ్ లెవీ యను స్కాట్లండు ఆటగాడు పందెము కాచి, 1978లో నెగ్గించుకొనెను. ఇంతలో ఈ విద్య ప్రయోగశాలలు వదలి ఇండ్లలో ప్రవేశించెను. 1979లో అటారీ కంపెనీవారు టెలివిజనునకు తగిలించుకొను పెట్టెకు చదరంగపు ఆట నొకదానిని అమ్మిరి. దాని ప్రోగ్రాము అంతయు 4 కిలోబైట్లు. 1982లో డేవిడ్ హార్న్ అనువాడు 672 బైట్లలోనే ఆటను ఇమిడ్చెను. ఈ వ్యాసము కంటె అది ఎన్నో రెట్లు చిన్నది! ఆ పాత అటారీ యాట చేతిలో, వ్యాసములు వ్రాసి సకలశాస్త్రములు చెప్పు నేటి మాటకారి యంత్రమొకటి 2025లో ఓడినట్లు వార్తలు వచ్చినవి. మాటలు నేర్చుటయు ఆట నేర్చుటయు ఒకటి కాదని అందరును నవ్వుకొనిరి.

న్యూయార్కు విజయము తరువాత కాస్పరోవ్ మరల పోటీ కోరెను. కంపెనీవారు అంగీకరింపలేదు. డీప్ బ్లూ మరి యే యాటయు ఆడలేదు. ఊడదీయబడి, నేడు దాని బీరువాలు రెండును అమెరికా ప్రదర్శనశాలలలో నున్నవి. వర్తకసంస్థ తన ప్రతిష్ఠకు కావలసినంత పండినదని తలచి విద్యకు తలుపు మూసిన తీరు మాకు నచ్చలేదు. ఇందుకు విరుద్ధముగా, 2008లో పుట్టిన "స్టాక్‌ఫిష్" ఎవరి సొత్తును కాదు. దాని ప్రోగ్రామును ఎవరైనను చదువవచ్చును, సరిదిద్దవచ్చును, ఉచితముగా వాడుకొనవచ్చును. దేశదేశముల స్వచ్ఛంద సేవకులు దానిని దినదినము పదునుపెట్టుచున్నారు. డీప్ బ్లూకు గల ప్రత్యేక చిప్పులు లేకయే, నేడది చేతిలోని ఫోనునందు నడచుచు ఏ జగజ్జేతనైనను ఓడింపగలదు.

2017 డిసెంబరులో లండనులోని డీప్‌మైండ్ సంస్థ "ఆల్ఫాజీరో"ను ప్రకటించెను. దానికి ఆట నియమములు తప్ప మనుష్యు లేమియు నేర్పలేదు. తనతో తానే ఆడుకొని నేర్చుకొనెను. నూరాటలలో స్టాక్‌ఫిష్‌ను 28 ఆటల గెలిచి తక్కిన 72 సమము చేసెను. సెకనునకు అది చూచినది 80 వేల స్థితులు. స్టాక్‌ఫిష్ చూచినది 7 కోట్లు. స్టాక్‌ఫిష్‌కు తగిన వసతులు కల్పింపలేదని కొందరు ఆక్షేపించిన మాట నిజమే. అయినను, ఎక్కువ చూచుటకంటె చూడదగినదానిని చూచుటయే మేలని తేలెను. 2020లో స్టాక్‌ఫిష్ సైతము స్థితికి వెలకట్టుటకు ఆ తరహా విద్యనే చేపట్టెను.

ఇక మనుష్యునకు మిగిలిన దేమి? మన కష్టము యంత్రము గెలుచుటలో లేదు. గుర్రముకంటె వేగముగా పరుగిడలేమని ఎవడును ఏడ్వడు. 2006లో ఢిల్లీ పోటీలలో టోపీలో తంత్రీరహిత పరికరమును దాచుకొని ఆడిన యొక యాటగానిని చదరంగ సమాఖ్యవారు పదేండ్లు బహిష్కరించిరి. 2022లో మేగ్నస్ కార్ల్‌సన్ ఒక యువకుని చేతిలో ఓడిన వెంటనే పోటీ విడిచిపోగా, లోకమంతయు నెలల తరబడి ఆ యువకుని అనుమానించెను. ఆ ముఖాముఖి యాటలో మోసము జరిగినట్లు నిదర్శన మేదియు దొరకలేదు. బాగుగా ఆడుటయే సందేహమునకు కారణమగుట యెంత విపరీతము! ఇంతకంటె సూక్ష్మమైన చెరుపు ఇంకొకటి కలదు. నేడు ఆట చూచువారి యెదుట బల్ల ప్రక్కన నొక తెల్లని నల్లని కడ్డీ హెచ్చుచు తగ్గుచు నుండును. అది యంత్రపు తీర్పు. ఆట ఓనమాలు తెలియనివాడును ఆ కడ్డీ చూచి మహామహుల తప్పులు పట్టుచున్నాడు. తీర్పు కలదు, కారణము లేదు. ఎందుకు తప్పైనదని బాలుడు అడుగుట మానివేసిన నాడు, ఆతడు ఆడుచున్నది కాస్పరోవ్ రెండవ యాటయే.

చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబములో జన్మించిన దొమ్మరాజు గుకేశ్ విషయము ఇక్కడ చెప్పవలసి యున్నది. బాల్యమున గ్రాండ్‌మాస్టరు స్థాయిని సమీపించువరకు ఆతనిని యంత్రము జోలికి పోనీయలేదని శిక్షకుడు విష్ణు ప్రసన్న చెప్పియున్నాడు. ప్రతి యెత్తును బాలుడు స్వయముగా లెక్కించుకొనవలసినదే. పండ్రెండేండ్లు నిండిన కొన్ని నెలలకు, 2019లో, ఆతడు గ్రాండ్‌మాస్టరయ్యెను. తరువాత యంత్రమును వాడలేదా? వాడెను, నేడు దానిని వాడక పై మెట్టున నిలుచువాడు లేడు. ఏది ముందు, ఏది వెనుక యన్నదే ప్రశ్న.

2024 డిసెంబరు 12వ తేదిన సింగపూరున జగజ్జేత పోటీ చివరిదగు 14వ యాట జరుగుచుండెను. అప్పటికి గుకేశ్, చైనా దేశీయుడగు డింగ్ లిరెన్ ఇరువురును సమానము. ఆట సమముగా ముగియునని చూచువారందరు ఇంచుమించు నిశ్చయించుకొనిరి. 55వ యెత్తున లిరెన్ తన ఏనుగును మార్పిడికై ఎదురు నిలిపెను. తక్షణమే లోకమంతట కడ్డీలు ఒక్కసారిగా నలుపునకు పడిపోయెను. ఇండ్లలో కేకలు పుట్టెను. ఆ సంగతి తెలియనివారు బల్లకడ కూర్చుండిన ఇరువురే. మొదట తనకును తోచలేదనియు, వేరొక యెత్తు వేయబోయితిననియు గుకేశ్ తరువాత చెప్పెను. అంతలో ఎదుటివాని శకటు మూలనున్నదని ఆతని కంటబడెను. ఆతడు కుర్చీలో నిటారుగా లేచి, నీరు త్రాగి, మరల లెక్క చూచుకొనెను. ఏనుగునకు ఏనుగు, శకటునకు శకటు పోయెను. రాజులును బంట్లును మిగిలెను. మూడెత్తుల తరువాత లిరెన్ చేయి చాచెను. గుకేశ్‌కు అప్పటికి పదునెనిమిదేండ్లు.