కుంగినందుకు కాదు, తేడాగా కుంగినందుకే

పాత ఇంటికి ఆనించి కొత్తగా ఓ గది వేసుకుంటాం. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి పాత గోడా కొత్త గోడా కలిసే చోట సన్నటి నిలువు బీట తేలుతుంది. మేస్త్రీ వచ్చి లప్పం పెట్టి, రంగు వేసి పోతాడు. ఏడాది తిరిగేలోగా బీట మళ్లీ హాజరు. ఇటుకలు నాసిరకమనో, సిమెంటు తగ్గించారనో అనుకుంటాం గానీ, చాలాసార్లు అసలు సంగతి పునాది కింద ఉంటుంది.

కట్టడమన్నాక ఎంతో కొంత కుంగుతుంది. ఇల్లంతా ఒకే తీరుగా రెండంగుళాలు దిగిపోయినా గోడలకు పెద్దగా ఏమీ కాదు. మురుగు పైపు వాటం, గుమ్మం ముందు మెట్టు ఎత్తు మారతాయి, అంతే. ఒక మూల దిగి ఇంకో మూల దిగకపోతేనే గోడ సాగాల్సి వస్తుంది. ఇటుక గోడ బరువు మోస్తుంది గానీ సాగమంటే సాగదు. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీర్లు ఎన్నో భవనాల కుంగుబాటును పరిశీలించి ఓ లెక్క చెప్పారు. పక్కపక్క స్తంభాలు కుంగడంలో తేడా, వాటి మధ్య దూరంలో 300వ వంతు దాటితే గోడలు పగలడం మొదలవుతుంది. 150వ వంతుకు చేరితే దెబ్బ స్తంభాలకూ దూలాలకూ తగులుతుంది. గోడ పగలడానికి మూడు మీటర్ల దూరానికి ఒక్క సెంటీమీటరు తేడా చాలన్నమాట.

బీటను చదవడం కూడా కష్టమేమీ కాదు. కిటికీ మూలనుంచి ఇటుకల మధ్య మెట్లుమెట్లుగా ఏటవాలుగా ఎక్కే బీట, పైకి పోతూ ఏ వైపుకు వాలితే సాధారణంగా ఆ వైపే నేల దిగుతోందని అర్థం. బీట మీద అడ్డంగా సన్నటి గాజు పలకను సిమెంటుతో అతికించి వదిలేయండి. కొన్ని నెలల్లో గాజు పగిలిందంటే కదలిక ఇంకా ఆగలేదు. లప్పానికి అప్పుడే తొందరపడనక్కర్లేదు.

ఇసుక నేల మీద కడితే కుంగేదేదో కట్టేటప్పుడే దాదాపు కుంగిపోతుంది. బంకమన్ను అలా కాదు. పెరుగును గుడ్డలో మూటగట్టి మీద బరువు పెడితే నీరు ఎంత నిదానంగా కారుతుందో, భవనం బరువుకు బంకమన్నులోని నీరూ అంత నిదానంగానే బయటికి పోతుంది. నీరు పోయిన మేరకు మన్ను కుదించుకుంటుంది. దీనికి ఏళ్లు, ఒక్కోసారి దశాబ్దాలు పడుతుంది. ఈ లెక్కకు శాస్త్రం కట్టి 1925లో పుస్తకంగా తెచ్చినవాడు కార్ల్ టెర్జాఘి. అందుకే బంకనేలలో పాత ఇల్లు తన కుంగుడు ముగించుకుని కూర్చుంటే, కొత్త గది అప్పుడే మొదలుపెడుతుంది. పైగా కొత్త బరువు తన పునాది కిందే ఆగదు, పక్కకూ పాకుతుంది. దాంతో పాత ఇంటి అంచు కింది మన్ను కూడా మరోసారి నలిగి, పాత ఇల్లు కొత్త గదివైపు ఒరుగుతుంది. రెండింటి గోడలూ కలపకుండా, పునాది దగ్గరనుంచి పైదాకా సందు వదలమని ఇంజనీరు పోరేది ఇందుకే.

మన దగ్గర తంటా చాలావరకు నేల మారే చోట వస్తుంది. హైదరాబాదులో ఒక స్తంభం రాతి మీద నిలబడి, పక్కది పూడ్చిన కుంటలోనో పాత బావిలోనో పడొచ్చు. నల్లరేగడిది ఇంకో రకం గొడవ. వేసవిలో కుదించుకుని నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. అక్కడ కొన్ని బీటలు ఎండకు తెరుచుకుని వానకు మూసుకుంటాయి.

ఈ వ్యవహారం భారీగా చూడాలంటే మెక్సికో నగరం చూడాలి. అజ్టెక్‌ల రాజధాని ఒక సరస్సు మధ్య ద్వీపం. దాని మీదే నేటి నగరం లేచింది. కింది మన్నులో ఘనపదార్థం బరువుకు రెండు మూడు రెట్లు నీరే ఉంటుంది. చాలదన్నట్టు నగరం దాహానికి భూగర్భజలం తోడేస్తుండటంతో, కొన్ని చోట్ల నేల గత శతాబ్దంలో తొమ్మిది మీటర్లకు పైగా దిగింది. 1910లో నిలిపిన స్వాతంత్ర్య స్తంభానికి లోతైన పునాది ఉంది. చుట్టూ నేల దిగిపోతుంటే అది అక్కడే నిలిచింది. దాని దగ్గరికి ఎక్కడానికి తర్వాత 14 మెట్లు కలపాల్సి వచ్చింది.

అదే నగరంలోని పెద్ద కెథెడ్రల్ కథ ఇంకా చిత్రం. 1573లో మొదలై 1813లో పూర్తయిన ఆ చర్చి, దానికి ఆనించి కట్టిన సగ్రారియో అనే చిన్న చర్చి, రెండూ కొంత మేర కూలగొట్టిన అజ్టెక్ ఆలయాల మీద ఉన్నాయి. ఆలయాల బరువుకు అప్పటికే నలిగిన మన్ను తక్కువగా కుంగింది, మిగతాది బాగా కుంగింది. ఆలయాలు పోయాయి గానీ అవి మోపిన బరువును మట్టి మరిచిపోలేదు. 1980ల చివరికి కెథెడ్రల్ రెండు కొసల మధ్య తేడా దాదాపు 2.4 మీటర్లు.

కుంగినదాన్ని ఎత్తడం అయ్యే పని కాదు. కాబట్టి కుంగనిదాన్ని దించారు! 1993నుంచి 1998 దాకా, చర్చిల అడుగున 30కి పైగా బావుల్లాంటి గోతులు తవ్వి, వాటిలోంచి పక్కలకు గొట్టాలు దూర్చి, ఎత్తుగా నిలిచిన భాగాల కింది మన్నును కొంచెం కొంచెంగా తోడి తీశారు. ఖాళీ అయిన చోటికి భవనం మెల్లగా దిగి, కొంత వంకర సర్దుకుంది. ఇదే ఉపాయాన్ని పీసా గోపురానికి ఫెర్నాండో టెర్రచీనా అనే ఇటలీ ఇంజనీరు 1962లోనే చెప్పాడు. అక్కడ అది అమలైంది 1999-2001 మధ్య. వాలని ఉత్తరం వైపు మన్ను తీయగా, గోపురం వాలు సుమారు అర డిగ్రీ తగ్గింది.