గొంతు బాగుంటే చాలా? అపోహలు – వాస్తవాలు

ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు విజయవాడలోని గుణదల కొండ జనంతో కిటకిటలాడుతుంది. దివ్యబలిపూజలో పాడే గాయక బృందాల్లో అన్నిటికన్నా పై వరసను అందుకునే ఆడగొంతు సొప్రానో. అదే విజయవాడలో రేడియో కేంద్రం, సంగీత కళాశాల ఎందరో కర్ణాటక విద్వాంసులకు నిలయాలయ్యాయి. ఏ సంగీతమైనా సరే, దాన్నే వృత్తిగా చేసుకుంటానన్న అమ్మాయికి ఇంటా బయటా వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో నిజమెంత?

అపోహ: సొప్రానో అంటే గొంతు చించుకుని అరవడమే.
వాస్తవం: సొప్రానో పరిధి సుమారు రెండు స్థాయిలు. దాని పై అంచున స్వరతంత్రులు సెకనుకు వెయ్యికి పైగా సార్లు కంపిస్తాయి. ఒపేరాలో మైకు ఉండదు. వాద్యబృందాన్ని దాటి పాట వినిపించాలి. అందుకే పైకి వెళ్లేకొద్దీ గాయని దవడను కిందికి వదిలి నోరు బాగా తెరుస్తుంది. నోటిలోని అనునాదం ఆ స్వరంతో కలిసి, బలవంతం చేయకుండానే నాదం పెరుగుతుంది. అంత ఎత్తులో ‘ఇ’కి, ‘ఆ’కి తేడా చెవికి సరిగా అందదు. మాట తెలియకపోతే తప్పు ఆమె ఉచ్చారణది కాదు.

అపోహ: ఎంత పైకి పాడితే అంత గొప్ప గాయని.
వాస్తవం: మన గాయనుల్లో చాలామందిది ఐదు, ఐదున్నర శ్రుతి. ఐదు శ్రుతిలో తారస్థాయి పంచమం పట్టినా అది సొప్రానో శిఖరానికి దాదాపు ఒక స్థాయి కిందే. కర్ణాటక సంగీతంలో గమకం, రాగభావం, సాహిత్యం పలికే తీరు చూస్తారు.

అపోహ: మిరియాల పాలు తాగితే గొంతు బాగుపడుతుంది.
వాస్తవం: మింగినది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. గొంతుకు హాయిగా అనిపించడం వేరు. రోజంతా తగినన్ని నీళ్లు, సరిపడా విశ్రాంతి కావాలి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

అపోహ: కచేరీలు రానివాళ్లే పాఠాలు చెప్పుకుంటారు.
వాస్తవం: విజయవాడ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ. విజయవాడ రేడియోతో తెలుగువారికి దగ్గరైన గాయని శ్రీరంగం గోపాలరత్నం (1939–1993) హైదరాబాద్ ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1992లో పద్మశ్రీ అందుకున్నారు. ముంబైలో పుట్టిన సొప్రానో పాట్రీషియా రొజారియో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో పాఠాలు చెప్పారు. ఆమె గొంతును దృష్టిలో పెట్టుకుని స్వరకర్త జాన్ టావెనర్ పాటలు కట్టాడు.

అపోహ: పాడేవాళ్లకు పరిశోధనతో పనేంటి?
వాస్తవం: అన్నమయ్య పాటలున్న తాళ్లపాక రాగిరేకుల్లో ప్రతి పాటకూ రాగం పేరుంది, స్వరం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఆ సాహిత్యాన్ని పరిష్కరించి స్వరపరిచాకే ఎన్నో అన్నమయ్య కీర్తనలు కచేరీల్లోకి వచ్చాయి. ఏ మాట దగ్గర ఊపిరి తీయాలో, ఏ పదాన్ని విరిచి పాడకూడదో తేల్చడానికి పాండిత్యం, గొంతు రెండూ కావాలి. గోపాలరత్నం గురువుల్లో ఒకరైన శ్రీపాద పినాకపాణి వృత్తిరీత్యా వైద్యుడు. వందల కృతులకు గమకాలతో సహా స్వరలిపి రాసి ‘సంగీత సౌరభం’ పేరుతో నాలుగు సంపుటాలు ఇచ్చారు. పాడగలిగిన మనిషి కనకే అవి అలా రాయగలిగారు.

అపోహ: పాటతో ఇల్లు గడవదు.
వాస్తవం: కచేరీలనే నమ్ముకుంటే కష్టమే, సీజను పోతే పిలుపులూ పోతాయి. అందుకే పెద్దవాళ్లలో చాలామంది రేడియోలోనో కళాశాలలోనో ఉద్యోగం చేస్తూనే పాడారు. పాఠం చెబితే తన పాటలోని లోపం తనకే తెలుస్తుంది. చదివితే పాడడానికి కొత్త సరుకు దొరుకుతుంది. కాబట్టి అమ్మాయికి గొంతుందా అని అడిగి ఊరుకోకండి. పాడడంతోపాటు రాయడం, చెప్పడం కూడా నేర్పే గురువు దొరికారా అని చూడండి.