ఏరియల్ పాదాల కింద ఏముంది?

ఒక చిన్న ప్రయోగం చేద్దాం. లావుపాటి చేంతాడు ఒకటి, సన్నని పురికొస ఒకటి తీసుకుని, రెండింటి కొసలు కలిపి ముడి వేయండి. చేంతాడు రెండో చివరను మీ స్నేహితునికి ఇవ్వండి. పురికొస చివరను మీరు పట్టుకుని, చేతిని ఒక్కసారి పైకీ కిందికీ ఆడించండి. ఒక అల పుట్టి ముడి దాకా పరుగెత్తుతుంది. ఆ తరువాత ఏమైంది? కొంత అల చేంతాడులోకి వెళ్లింది. మిగిలినది ముడి దగ్గర తలకిందులై మీ చేతికే తిరిగి వచ్చింది!

తాళ్లు రెండూ ఒకే లావుగా ఉంటే ఈ తిరుగుటపా ఉండదు. రేడియోలోనూ ఇదే కథ. ప్రసారయంత్రం నుంచి ఏరియల్‌కు శక్తిని మోసుకుపోయే కేబుల్ పురికొస వంటిదైతే, ఏరియల్ చేంతాడు వంటిది. ఇక్కడ తాడు లావుకు బదులు చూడవలసిన గుణాన్ని ‘అవరోధం’ అంటారు. దీనిని ఓమ్‌లలో కొలుస్తారు. కేబుల్, ఏరియల్ అవరోధాలను సమానం చేయడమే ‘అవరోధాల జత కలపడం’.

ఎవరికి అవసరం?

సరదా కోసం, విజ్ఞానం కోసం సొంత రేడియో కేంద్రాలు నడిపేవారిని అమెచ్యూర్లు, లేదా ‘హామ్‌లు’ అంటారు. వారి సరదా ఒక్కొక్కప్పుడు ప్రాణాలు కాపాడుతుంది. 1983లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్లింది. డిసెంబరు 26న సునామీ వచ్చి, టెలిఫోన్లు మూగబోయినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి వార్తలను బయటికి చేరవేసింది ఆ బృందపు రేడియోయే. అటువంటి వేళ ఉండేది ఒక బ్యాటరీ, కొద్ది వాట్ల శక్తి. అందులో ఒక్క వాటు వృథా అయినా నష్టమే.

కనిపించని సగం

హామ్‌లకు ఇష్టమైన వాటిలో ఒకటి నిలువు ఏరియల్. దీని పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు. 7.1 మెగాహెర్ట్జ్ తరంగాల దైర్ఘ్యం సుమారు 42 మీటర్లు. కాబట్టి పది మీటర్ల గొట్టం నిలబెడితే చాలు. హైదరాబాదు ఆకాశవాణి ప్రసారాలు చేసిన 738 కిలోహెర్ట్జ్‌ల వద్ద తరంగదైర్ఘ్యం 406 మీటర్లు. అందులో నాలుగోవంతంటే నూరు మీటర్లు దాటిన స్తంభం!

అయితే మనకు కనిపించేది సగం ఏరియలే. రెండో సగం పని భూమి చేస్తుంది. గొట్టంలో ప్రవహించే కరెంటుకు జోడీ కరెంటు నేలలో ప్రవహించాలి. నేల చక్కని వాహకమైతే ఈ ఏరియల్ అవరోధం దాదాపు 36 ఓమ్‌లు. కేబుల్‌ది సాధారణంగా 50 ఓమ్‌లు. తేడా ఉన్నా, వెనక్కి వచ్చే శక్తి నూటికి మూడు పాళ్లు కూడా ఉండదు.

మరి నేల చక్కని వాహకం కాకపోతే?

నకిరేకల్ నేల మీద

నల్లగొండ జిల్లా నకిరేకల్‌లో మీ చెలకలో ఈ ఏరియల్ నిలబెట్టారనుకుందాం. పైన ఎర్రమట్టి, కింద గ్రానైటు రాయి. ఎండాకాలం వస్తే మట్టిలో తేమ ఉండదు. సూర్యాపేట దారిలో మూసీ ప్రాజెక్టు కింది తడి మాగాణి కన్నా ఇటువంటి ఎండిన రాతినేలలో విద్యుత్తు చాలా కష్టంగా ప్రవహిస్తుంది. ఇక సముద్రపు నీటితో పోలిస్తే దాని వాహకత్వం వేల రెట్లు తక్కువ.

మన చెలక కరెంటుకు 14 ఓమ్‌ల నిరోధం చూపిందనుకోండి. ఏరియల్‌వి 36, నేలవి 14. కలిపితే సరిగ్గా 50! కేబుల్‌కు అచ్చంగా జత కుదిరింది. తిరిగివచ్చే తరంగాన్ని కొలిచే మీటరు ‘బ్రహ్మాండం’ అంటుంది. మీరు సంతోషిస్తారు.

కాని ఒక్కసారి లెక్క వేయండి. 100 వాట్లు పంపితే 36 ఓమ్‌ల భాగానికి చేరే 72 వాట్లే ఆకాశంలోకి వెళ్లాయి. మిగతా 28 వాట్లు మట్టిని వెచ్చచేశాయి! మీటరు అబద్ధం చెప్పలేదు. తిరిగివచ్చిన శక్తి ఎంత అని అడిగితే, ఏమీ లేదంది. అది తిరిగిరాకుండా ఎక్కడికి పోయిందో మీరు అడగలేదు.

మందు ఏమిటి?

ఏరియల్ మొదలు నుంచి బండి చక్రం ఆకుల్లాగా నలుదిక్కులకూ రాగి తీగలు పరచండి. కరెంటు మట్టిని వదిలి ఈ సుఖమైన దారి పడుతుంది. పెద్ద ప్రసార స్తంభాల కింద ఇటువంటి తీగలను నూటికి పైగా పాతిపెడతారు. మనకు ఇరవై, ముప్ఫై తీగలున్నా ఎంతో మేలు.

ఇప్పుడు నేల నిరోధం 4 ఓమ్‌లకు తగ్గిందనుకుందాం. మొత్తం 40. మీటరు ముల్లు కాస్త పక్కకు జరిగింది. జత చెడిపోయిందని కంగారుపడకండి! తిరిగివచ్చేది ఒక వాటు చిల్లర. ఆకాశంలోకి వెళ్లేది సుమారు 89 వాట్లు. మీటరు ‘తగ్గింది’ అన్నప్పుడే మీ గొంతు ఎక్కువ దూరం వినిపిస్తుందన్నమాట.

ఆ చిన్న తేడా కూడా ఉండరాదనుకుంటే, గొట్టాన్ని కొంచెం కురచ చేసి, అడుగున కేబుల్ రెండు తీగల మధ్య చిన్న తీగచుట్ట కలుపుతారు. లేదా ఏరియల్‌ను డాబా మీదికి ఎక్కించి, నేలతీగలను గొడుగు ఊచల్లాగా 45 డిగ్రీల వాలుగా దించుతారు. అప్పుడు అవరోధం దానంతటదే 50 ఓమ్‌ల దగ్గరికి వస్తుంది. అందుచేత మొదట నష్టం తగ్గించాలి, ఆ తరువాతే జత కలపాలి. ఈ వరుస తారుమారు కారాదు.

మీకు 12 ఏళ్లు నిండితే ప్రభుత్వ పరీక్ష రాసి, లైసెన్సు పొంది మీరూ హామ్ కావచ్చు. ఒక్క హెచ్చరిక: ఏరియల్‌ను కరెంటు తీగల దరిదాపుల్లో నిలబెట్టవద్దు. ప్రసారం జరుగుతున్నప్పుడు దానిని తాకవద్దు. ఇక మీటరు ముల్లును చూసే ముందు, ఏరియల్ పాదాల కింద ఏముందో చూడటం మరచిపోకండి!