డిస్కులో వెన్నెల

తెలుగులో 'బొమ్మ' అన్న మాటకు రెండర్థాలున్నాయి. సినిమా మొత్తాన్నీ బొమ్మ అంటారు, తెర మీద పడే దృశ్యాన్నీ బొమ్మే అంటారు. పాత సినిమాల డిస్కుల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండూ కలిసిపోయి, కథ, పాటలు, నటన బాగున్న సినిమాకు డిస్కు కూడా బాగున్నట్టే చెలామణీ అయిపోయింది. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ సంస్థలు తమ పాత విజయాలను '4కె' ముద్రతో వరసగా మళ్లీ థియేటర్లకు పంపుతున్న ఈ కాలంలో ('పోకిరి' 2022 ఆగస్టులోనూ, 'ఆదిత్య 369' 2025 ఏప్రిల్‌లోనూ, 'జగదేకవీరుడు అతిలోకసుందరి' అదే ఏడాది మే 9న, సరిగ్గా తొలి విడుదలకు 35 ఏళ్లకూ వచ్చాయి), అటకెక్కిన వీసీడీలను, డీవీడీలను దింపి చూడటం పనిలేని పనిగా కనిపించవచ్చు. అయితే ఏ డిస్కూ తాను ఏ రీలు నుంచి పుట్టిందో, దారిలో ఏమేం పోగొట్టుకుందో దాచుకోలేదు. ఆ ఆనవాళ్లు చదవటం అలవాటైన కంటికి, పెట్టె మీది '4కె' అన్న అక్షరాలను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

కెమెరాలో తిరిగిన ఫిల్మును కడిగితే వచ్చేది అసలు నెగెటివ్. దాని నుంచి నేరుగా ప్రింట్లు వేయవచ్చు. నెగెటివ్ అరిగిపోకుండా కాపాడుకోవాలంటే ముందు ఇంటర్ పాజిటివ్, దాని నుంచి డూప్ నెగెటివ్ తీసి, ఆ డూప్ నుంచి థియేటర్ ప్రింట్లు వేస్తారు. ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ చీర అంచులోని జరీ, నుదుటి మీది ముడత వంటి సన్నని వివరాలు చెరిగిపోతాయి, వెలుగునీడల మధ్య ఉండే లేత ఛాయలు కరిగిపోయి తెలుపు మరీ తెల్లగా, నలుపు మరీ నల్లగా మారతాయి. పరిశ్రమ హైదరాబాదుకు తరలి వచ్చాక కూడా పాత నెగెటివ్‌లు చాలావరకు మద్రాసు లాబ్‌లలోనే ఉండిపోయాయి. నిర్మాణ సంస్థలు మూతపడ్డాయి, నెగెటివ్ హక్కులు చేతులు మారాయి, ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ పులిసి, డబ్బా మూత తీస్తే ఘాటైన పుల్లటి వాసన కొట్టే స్థితికి వచ్చింది. అందువల్ల డిస్కు తయారీకి చాలాసార్లు దిక్కయింది ఊళ్లు తిరిగి వచ్చిన థియేటర్ ప్రింటే. ఈ సంగతిని డిస్కే చెబుతుంది: రీలు ముగిసే ముందు ఫ్రేముకు కుడివైపు పైమూలలో క్షణకాలం ఒక గుండ్రటి చుక్క మెరిస్తే, అది రెండో ప్రొజెక్టరు మొదలుపెట్టమని థియేటర్ ఆపరేటర్‌కు చేసే సంజ్ఞ కాబట్టి, ఆ డిస్కుకు మూలం ప్రింటేనని నిశ్చయించవచ్చు. 'వాన' అని ప్రేక్షకులు పిలిచే నిలువు గీతలు రీలు మొదట్లోనూ చివర్లోనూ దట్టంగా ఉండి మధ్యలో పలచబడటం కూడా అదే కథ చెబుతుంది, ఎందుకంటే ఆపరేటర్ చేతుల్లో ఎక్కువగా నలిగేది రీలు కొసలే.

మూలం తర్వాత చూడవలసింది డిస్కులో ఉన్న చోటు. 'మాయాబజార్' (1957) నిడివి 184 నిమిషాలు, అంటే సెకనుకు 24 చొప్పున సుమారు 2,65,000 ఫ్రేములు. 1990ల చివర్లో ఇంటింటికీ చేరిన వీసీడీలో ఒక్కో ఫ్రేముకు దక్కేది 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే; ఒక పళ్లెంలో 74 నిమిషాలకు మించి సాధారణంగా పట్టదు కాబట్టి 'మాయాబజార్' వంటి సినిమాకు మూడు పళ్లేలు కావాలి. డీవీడీ వచ్చాక ఫ్రేము 720 అడ్డం, 576 నిలువుకు పెరిగింది. అయితే చుక్కల లెక్క సగం మాటే. వాటిని నింపడానికి సెకనుకు ఎంత సమాచారం ఇచ్చారన్నది మిగతా సగం. 184 నిమిషాల సినిమాను 4.7 గిగాబైట్ల ఒంటిపొర డీవీడీలో పెడితే బొమ్మకూ ధ్వనికీ కలిపి సెకనుకు సుమారు 3.4 మెగాబిట్లు, 8.5 గిగాబైట్ల రెండుపొరల డీవీడీలో పెడితే 6 మెగాబిట్లకు కాస్త పైన దక్కుతాయి. బజారులో విరివిగా అమ్ముడైన 'మూడు సినిమాలు ఒకే డీవీడీలో' రకాన్ని ఇదే కొలతతో తూచితే, మూడూ కలిసి 8 గంటలనుకుంటే ఒంటిపొర పళ్లెంలో సెకనుకు 1.3 మెగాబిట్లు మిగులుతాయి. అది వీసీడీ బొమ్మకు ఇచ్చే 1.15 మెగాబిట్ల కన్నా పిసరంత ఎక్కువ, నింపవలసిన చుక్కలేమో నాలుగు రెట్లు. మూడు సినిమాలు కొన్నామనుకున్నవారు నిజానికి వీసీడీ కన్నా కనాకష్టమైన బొమ్మను కొన్నారు.

ఈ లెక్కలు తెర మీద ఎలా కనిపిస్తాయో తెలియాలంటే 'మాయాబజార్'లోని నౌకావిహారం ఘట్టాన్ని మించిన పరీక్ష లేదు. శశిరేఖాభిమన్యులు పడవలో సాగుతుండగా నీటి మీద పరుచుకున్న ఆ వెన్నెల ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టించినది. దాని అందమంతా నలుపుకూ బూడిదరంగుకూ మధ్య ఒకదానిలోకి మరొకటి జారే లెక్కలేనన్ని ఛాయల్లో ఉంది. డీవీడీ వెలుగును నలుపు నుంచి తెలుపు వరకు సుమారు 220 మెట్లుగా విభజిస్తుంది, చీకటి ఎక్కువగా ఉన్న ఇటువంటి ఘట్టానికి అందులో అడుగున ఉన్న కొన్ని పదుల మెట్లే పనికొస్తాయి. సమాచారం చాలని డిస్కులో ఆకాశం నున్నగా దిగకుండా మెట్లబావి గోడలా పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. నీటి తళుకు చిన్న చిన్న చదరాలుగా బిగుసుకుని, పడవ కదిలినా నీరు ఒక్క క్షణం కదలదు. మంచి డిస్కులో అదే చోట అలల కొసన వెలుగు వణుకుతుంది, సావిత్రి చెంప మీద నీడ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టమవుతుంది. ఒక డిస్కును కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆ ఘట్టంలో ఒక్క నిమిషం చాలు.

నిడివి విషయంలో ఒక అపోహను తొలగించుకోవాలి. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములతో నడిస్తే, భారతదేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతి 25 ఫ్రేములతో నడుస్తుంది. ఫిల్మును వీడియోగా మార్చే టెలిసినీ యంత్రంలో ఆ తేడాను పూడ్చడానికి సినిమాను నాలుగు శాతం వేగంగా తిప్పేస్తే, 184 నిమిషాల సినిమా ఒక్క సన్నివేశమూ కోయకుండానే 177 నిమిషాల లోపే ముగుస్తుంది. శ్రుతిని విడిగా సరిచేయకపోతే ఘంటసాల గొంతు అర్ధస్వరానికి కాస్త తక్కువగా పైకి లేస్తుంది. శ్రుతిపెట్టె దగ్గర పెట్టుకుని వినేవారికి తప్ప ఇది పట్టుబడదు గాని, పట్టుబడితే మాత్రం విడిచిపెట్టదు. అమెరికా తెలుగువారి కోసం తయారైన ఎన్టీఎస్‌సీ డిస్కుల్లో కొన్ని ఫిల్ము నుంచి కాక పాల్ టేపు నుంచి మార్చినవి కావడంతో, కదిలే చేయి వెనకే దాని నీడ వంటి రెండో చేయి కదలడం మరో ఆనవాలు.

సినిమాస్కోప్ చిత్రాలకు జరిగిన నష్టం ఇంతకన్నా పెద్దది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' (1974)లో వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా ఎత్తుకు రెండింతలకు పైగా వెడల్పున్న ఫ్రేములో మన్యం కొండలను, గుంపులుగా కదిలే జనాన్ని పట్టుకుంది. పాత టీవీల చదరపు తెరకు సరిపెట్టాలంటే రెండే దారులు: పక్కలు కోసేయడం లేదా పైనా కిందా నల్లపట్టీలు వదిలి బొమ్మను కుదించడం. రెండోది నిజాయితీగల దారి, కాని అందులో డీవీడీ 576 గీతల్లో బొమ్మకు మిగిలేవి 327 మాత్రమే. అదే బొమ్మను వెడల్పు తెర పద్ధతిలో డిస్కులోకి ఎక్కించి ఉంటే 436 గీతలు దక్కేవి. పాత డిస్కును పెద్ద టీవీలో వేసినప్పుడు బొమ్మ చుట్టూ నాలుగు వైపులా నల్లచట్రం కనిపిస్తే, ఆ వంద పైచిలుకు గీతలు తయారీలోనే వృథా అయ్యాయని అర్థం.

రంగుల సినిమాకు శత్రువు గీతలు కాదు, కాలమే. రంగు ఫిల్ములో పసుపు, ఎరుపు, నీలి ఛాయలిచ్చే మూడు రంగుపొరలుంటాయి. ఆ కాలపు ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి పొర ముందుగా వెలిసిపోవడం వల్ల ప్రింటంతా గులాబీ వన్నెకు తిరుగుతుంది. దాన్ని టెలిసినీ దగ్గర బలవంతంగా సరిదిద్దితే ముఖాలు ఇటుకరంగుకూ, చెట్లు బూడిదరంగుకూ దిగుతాయి. గేవాకలర్‌లో తీసిన 'లవకుశ' (1963)ను, బాలు మహేంద్ర సహజమైన వెలుగును నమ్ముకుని తీసిన 'శంకరాభరణం' (1980)ను ఒకే రంగులపిచ్చితో మెరిపించిన బొమ్మ చూడముచ్చటగా ఉండవచ్చు, కాని శంకరశాస్త్రి ఇంటి వసారాలో పడే ఎండ పెళ్లిపందిరి దీపాల వెలుగులా ఉంటే ఆ మెరుపు తప్పు మెరుపే.

ఇక్కడే 'శుభ్రం' అన్న మాటను అనుమానించాలి. ఫిల్ము మీది బొమ్మ వెండి రేణువులతో, రంగు రేణువులతో ఏర్పడుతుంది. ఆ రేణువుల సన్నని కదలికకే 'గ్రెయిన్' అన్న ఇంగ్లీషు మాట వాడుకలో ఉంది. అది మచ్చ కాదు, బొమ్మకు ఒళ్లు. కంప్యూటరుతో దాన్ని తుడిచేస్తే ధూళితో పాటు చర్మపు గరుకు, ఎస్.వి. రంగారావు కిరీటం మీది చెక్కడం కూడా పోయి, ముఖాలు మైనపు బొమ్మలవుతాయి. పోయిన పదునును తిరిగి తెచ్చినట్టు చూపడానికి అంచులను కృత్రిమంగా దిద్దితే ప్రతి మనిషి చుట్టూ సన్నని తెల్లగీత మొలుస్తుంది. కొత్త టీవీల షోరూముల్లో దీన్నే స్పష్టత అని అమ్ముతారు.

హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసిన 'మాయాబజార్'ను ఈ వెలుగులోనే చూడాలి. కొత్త తరాన్ని థియేటరుకు రప్పించడంలో అది సాధించింది చిన్నదేమీ కాదు, ఆ శ్రమనూ తీసిపారేయలేము. అయినా అది పునరుద్ధరణ కాదు, పునఃసృష్టి. ఫ్రేము కొలత నేటి తెరకు తగ్గట్టు మారింది, కొన్ని పాటలు, పద్యాలు పక్కకు వెళ్లాయి, బార్ట్‌లీ నలుపు తెలుపుల కోసం లెక్కకట్టిన వెన్నెల మీద ఆయన ఎరగని నీలం వచ్చి కూర్చుంది. పాత చదరపు ఫ్రేమును 16:9 తెరకు కోస్తేనే ఎత్తులో నాలుగోవంతుకు దగ్గరగా పోతుంది. ఘటోత్కచుడి విందులో పైన కిరీటమో కింద పళ్లెమో, ఏదో ఒకటి వదులుకోవాల్సిందే.

పునరుద్ధరణ అన్నది వేరే పని: దొరికినవాటిలో అసలుకు అతి దగ్గరి రీలును వెతకడం, చిరుగులు అతకడం, ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేయడం, ఛాయాగ్రాహకుడు ఉద్దేశించిన వెలుగును మళ్లీ నిలబెట్టడం. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ అన్నపూర్ణ స్టూడియోలో నిర్వహించిన శిక్షణ శిబిరం ఈ విద్యను తెలుగు పరిశ్రమ గడపలోకి తెచ్చింది. అక్కినేని శతజయంతికి 2024 సెప్టెంబరులో అదే సంస్థ ఆయన సినిమాలను 25 నగరాల్లో చూపించింది, ఆ నవంబరులో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పునరుద్ధరించిన 'దేవదాసు' (1953) గోవా చిత్రోత్సవంలో పడింది. బి.ఎస్. రంగా ఆ సినిమాలో పరిచిన చీకట్లు నల్లని ముద్దలుగా గడ్డకట్టిన డిస్కులతో సరిపెట్టుకున్నవారికి, నీడలో కూడా గోడ ఉందని, గోడకు గరుకుతనం ఉందని తెలియడమే ఒక వార్త.

'4కె' అన్నది స్కాన్ కొలత మాత్రమే, అరిగిన ప్రింటును స్కాన్ చేసినా ఆ మాట అబద్ధం కాదు. కాబట్టి పాత పరీక్షలనే కొత్త ప్రతులకూ పెట్టాలి. 'ఆదిత్య 369' (1991)కు ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు: వర్తమానం పి.సి. శ్రీరామ్‌ది, శ్రీకృష్ణదేవరాయల కాలం వి.ఎస్.ఆర్. స్వామిది, భవిష్యత్తు కబీర్‌లాల్‌ది. కాలయంత్రం తలుపు తెరుచుకున్న ప్రతిసారీ వెలుగు తీరు మారితే ఆ ప్రతి వారి ముగ్గురిదీ. మూడు కాలాలూ ఒకే నిగనిగతో కనిపిస్తే అది రంగులు దిద్దిన యంత్రానిది. సందేహం వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చుకోవడానికి, గీతలతో, చుక్కలతో, వెలిసిన రంగులతో, కాని కోతలు పడని ఫ్రేముతో ఉన్న ఆ పాత డీవీడీ అటక మీదే ఉంది.